ఇత్తడి బూరా, పదకొండు కంప్యూటర్లూ

ఒరురో
కార్నివాల్ అయ్యాక వచ్చిన సోమవారం

హెర్మీనియా వదినకు,

నీ ఆరోగ్యం గురించి చివర్లో అడుగుతాను. ముందు నా కంప్యూటర్ల గోల విను.

సెలవుల ముందు శుక్రవారం దాకా అవి బంగారంలా పనిచేశాయి. మా హెడ్మిస్ట్రెస్ దోన్యా ఎదుల్ఫా రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించిన పన్నెండు కొత్త కంప్యూటర్లు అవి. ఇవాళ సెలవులయ్యాక మొదటి క్లాసు. పిల్లల చేత చిన్న ప్రోగ్రాం రాయించాను. రెండు అంకెలు తీసుకుని, కలిపి, జవాబు చూపించాలి. ఏడు లైన్లు. కంపైల్ నొక్కాను. ఏమీ రాలేదు. హోంవర్క్ గురించి మాట్లాడాను. ఏమీ రాలేదు. హాజరు తీసుకున్నాను. అప్పటికీ రాలేదు.

ముందు బల్లలో నాయ్రా లేచి అడిగింది. "టీచర్, రెండూ రెండూ ఎంతో చెప్పడానికి దీనికి ఇంత ఆలోచన ఎందుకు? మా అమ్మమ్మ బంగాళాదుంపలు అమ్ముతూ, పక్కామెతో పోట్లాడుతూ కూడా చెప్పేస్తుంది."

చివరికి తెర మీద నాలుగు అని వచ్చింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా తల వంచి నమస్కారం పెట్టాను. ఇంకేం చేయను?

నవ్వకు వదినా. ఏప్రిల్ రెండో శనివారం జిల్లా ప్రోగ్రామింగ్ పోటీ మా బడిలో జరగాలి. అంతకుముందు గురువారం పోటీ సంఘం వాళ్లు ఇద్దరు వచ్చి పరీక్ష పెడతారు. వాళ్లు తెచ్చిన ప్రోగ్రాంలు ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక్క సెకనులో పూర్తి కావాలి. కాకపోతే పోటీ ఇంకో బడికి పోతుంది. అంతటితో ఆగదు. దోన్యా ఎదుల్ఫా ఇవాళ వరండాలో నిలబడి అందరూ వినేలా చెప్పింది: "చూడమ్మా డెల్ఫీనా, ఇవి లెక్క చేయకపోతే గది బ్యాండు వాళ్లకిచ్చేస్తాను. బూర ఊదితే కనీసం పలుకుతుంది."

బ్యాండు అంటే మన బడి పాత విద్యార్థుల బ్యాండు. అందులో పెద్ద బూర ఊదేది ఎవరో నీకు చెప్పక్కర్లేదు. మెట్ల కింద చెమ్మలో వాయిద్యాలు పాడైపోతున్నాయని వాళ్లు ఎప్పటినుంచో నా గది మీద కన్నేశారు. కాబట్టి ఏప్రిల్ దాకా నీ మొగుడు నాకు అన్న కాడు, శత్రువు.

అయినా న్యాయంగా చెప్పాలి. ఈ కార్నివాల్‌కి బీరు ముట్టనని నీకు మాటిచ్చాడు కదా, ఒక్క చుక్క ముట్టలేదు. నేనే సాక్షిని. ఇంతకన్నా వివరం అడగకు. పాపం, వాడి బూర మాత్రం మంగళవారం నుంచి దూడ అరిచినట్టు అరుస్తోంది. ఊరేగింపులో బాల్కనీ మీది ఆడవాళ్లు రంగు కాగితపు చుక్కల సంచీ మొత్తం దాని నోట్లో కుమ్మరించారు. రోజూ కుళాయి కింద పెట్టి కడుగుతున్నాడు. పచ్చవీ ఎర్రవీ ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఒక్క మంచి జరిగింది. సెలవుల తర్వాత నా గది ఎంత ప్రశాంతంగా ఉందో! ఇంతకుముందు పన్నెండూ కలిసి బస్సు ఇంజన్‌లా హోరుపెట్టేవి. ఇప్పుడు సుద్దముక్క గీసిన చప్పుడు కూడా వినిపిస్తోంది.

సామాన్ల లారీ దోన్ కాస్తులోతో ఎండు లామా మాంసం పంపుతున్నాను. ఫోన్ చేద్దామంటే నువ్వు గుట్టెక్కాలి, ఎక్కినా నాకు వినిపించేది గాలి. కాబట్టి రాయి. త్వరగా రాయి.

నీ ఆరోగ్యం ఎలా ఉంది?

డెల్ఫీనా


లీపెస్, గని శిబిరం
శనివారం

డెల్ఫీనాకు,

మాంసం అందింది. ఆరోగ్యం బాగుంది. ఇక్కడ పరీక్షశాలలో రోజంతా రాళ్లపొడి తూచడం, అందులో వెండి ఎంతుందో చెప్పడం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వకుండా చదవడానికి ప్రయత్నించాను.

పదేళ్లు కంప్యూటర్లు బాగుచేసినదాన్ని కాబట్టి ఒక మాట విను. ఏడు లైన్ల ప్రోగ్రాం నెమ్మదించిందంటే తప్పు ఆ ఏడు లైన్లలో ఉండదు. చుట్టుపక్కల ఎక్కడో ఉంటుంది. నా అనుమానితులు ఇద్దరు.

ఒకటో వాడు వైరస్ కాపలాదారు. నువ్వు కంపైల్ నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త ప్రోగ్రాం పుడుతుంది. వాడు దాన్ని గుమ్మంలో ఆపి, జేబులన్నీ వెతికి, ఊరూ పేరూ అడిగి గానీ లోపలికి పంపడు. పిల్లలు రాసుకునే ఫోల్డరు ఒక్కదాన్నీ తనిఖీ చేయవద్దని వాడికి చెప్పు. మొత్తం కాపలా తీసేయకు. పిల్లల పెన్‌డ్రైవులు ఎక్కడెక్కడ తిరిగొస్తాయో నీకు తెలుసు.

రెండో వాడు దారి. పిల్లల ఫైళ్లు ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకున్నాయా, లేక అన్నీ నీ దాంట్లో ఉండి తీగ ద్వారా వెళ్తున్నాయా? అందరూ ఒకే గుమ్మంలోంచి తోసుకుంటుంటే ఏడు లైన్లకైనా ఆలస్యమే. ఎవరిది వాళ్ల దగ్గర పెట్టించు.

ఒక్కో మార్పే చెయ్యి. చేశాక చూడు, రాసుకో, తర్వాతే రెండోది. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో చచ్చినా తెలియదు.

ఇక అసలు ప్రశ్న. శుక్రవారం బాగున్నవి సోమవారానికి పాడయ్యాయి. మధ్యలో ఏం జరిగింది? కొత్తగా ఏమైనా ఎక్కించారా? గదిలోకి ఎవరైనా వెళ్లారా?

ఇంకో సంగతి. "ఇంతకన్నా వివరం అడగకు" అన్న వాక్యం నాకు నచ్చలేదు. నీ అన్న గురించి నాతో ఎవరూ ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఎందుకంటే వివరం అడగక ముందే తనే ఊరంతా చెప్పుకుంటాడు.

హెర్మీనియా


ఒరురో
మార్చి మూడో మంగళవారం

వదినా,

నీ ఇద్దరు అనుమానితులనూ పట్టుకున్నాను. కాపలాదారుకి చెప్పాను, కొంచెం నయమైంది. ఫైళ్లు విడదీశాను, ఇంకొంచెం నయమైంది. ఇంతకుముందు కంపైల్ నొక్కి, వీధి చివరికి వెళ్లి సల్తేన్యా కొనుక్కుని, తిని రావచ్చు. ఇప్పుడు కొనుక్కోవచ్చు గానీ తినడానికి టైము చాలదు. పోటీ సంఘం వాళ్లకి ఈ ప్రగతి చూపిస్తే మెచ్చుకుంటారా?

కొత్తగా ఏమీ ఎక్కించలేదు. గదిలోకి ఎవరూ వెళ్లలేదు. సెలవుల్లో ఎవరు వెళ్తారు, ఎందుకు వెళ్తారు? ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

నాకే అర్థం కాని రెండు సంగతులు చెప్తాను. పొద్దున్నే, గది ఇంకా మంచులా ఉన్నప్పుడు, మొదటి ప్రోగ్రాం రెప్పపాటులో వచ్చేస్తుంది. నేను శిలువ గుర్తు వేసుకుంటాను. రెండో క్లాసుకి మళ్లీ మొదటికొస్తుంది. అదే ప్రోగ్రాం, అదే కంప్యూటర్, అదే పిల్ల. నేను వేసుకున్న శిలువ గుర్తు గంట సేపే పనిచేస్తోందని నాయ్రా తేల్చింది.

రెండోది, లెక్కల మాస్టారు అబ్దియాస్ కంప్యూటర్. పన్నెండోది. అది పొద్దున్నా సాయంత్రమూ చక్కగా పరుగెడుతుంది. అందరితో పాటు వచ్చినదే, అదే రకం, అదే పెట్టె. నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నా కంప్యూటర్ సత్యమార్గంలో ఉంది టీచర్‌గారూ. మీవాటి సంగతి మీకే తెలియాలి" అన్నాడు. ఆయనది ప్రార్థనా మందిరం మతం కదా, ఏది జరిగినా ఉపదేశమే. నాకు ఒళ్లు మండింది.

నిన్న దోన్యా ఎదుల్ఫా మీ ఆయన్ని కొలతలకి పంపింది. టేపు పట్టుకుని వచ్చాడు. గుమ్మం కొలిచాడు, వెనక గోడ కొలిచాడు. బూరలు నిలబెడితే ఎంత, పడుకోబెడితే ఎంత అని తనలో తనే గొణుక్కున్నాడు. పోతూ పోతూ ఒక కంప్యూటర్ నెత్తిమీద చెయ్యివేసి, "పాపం" అన్నాడు.

"ఎందుకు పాపం?" అన్నాను.

"ఊరికే. మంచి కంప్యూటర్ కదా."

"నా శత్రువు నా కంప్యూటర్ని నిమరక్కర్లేదు. నడు బయటికి!"

టేపు తలుపులో ఇరుక్కుని వరండా పొడుగునా సాగింది. పిల్లలు నవ్వలేక చచ్చారు.

వదినా, నాకు నవ్వు తక్కువా భయం ఎక్కువా అయింది. గురువారం దగ్గర పడుతోంది. ఆ గది పోతే ఈ పిల్లలు ప్రోగ్రాంలు నల్లబల్ల మీద రాయాలి. నల్లబల్ల వేగంగానే ఉంటుంది గానీ జవాబు చెప్పదు.

డెల్ఫీనా


లీపెస్, గని శిబిరం
ఆదివారం

డెల్ఫీనా అమ్మాయ్,

దొరికింది. నువ్వు దాచినా దొరికింది.

ఒక్కొక్కటే చెప్తాను, నీ ముఖం నాకు కనిపించకపోయినా ఊహించుకుంటాను.

చల్లగా ఉన్నప్పుడు పరుగు, గంట గడిచాక పాకుడు. అంటే వేడి. లోపల వేడెక్కితే కాలిపోకుండా కంప్యూటర్ తనంతట తనే అడుగులు తగ్గించుకుంటుంది. దాని తప్పు లేదు, బుద్ధిమంతురాలు. పైగా మన ఎత్తులో గాలే పల్చన. ఆ కాస్త గాలినీ తిప్పడానికి లోపల ఫ్యాను ఉంటుంది. ఆ ఫ్యాను చప్పుడే నువ్వు చెప్పిన బస్సు ఇంజన్. అది ఆగిపోయిందని నువ్వు మొదటి ఉత్తరంలోనే సంతోషంగా రాశావు, నేను సంతోషంగా చదివి పక్కన పెట్టాను. సుద్దముక్క చప్పుడు వినిపిస్తోందట! నీకు ప్రశాంతత, వాటికి ఊపిరాడకపోవడం.

పదకొండు ఫ్యాన్లు ఒకే వారంలో ఎందుకు ఆగుతాయి? దుమ్ము అయితే ఏళ్లు పడుతుంది. ఒరురోలో ఒక్క వారాంతంలో అన్నిటి మీదా పడేది ఒకటే. మీ అన్న బూరలో పడింది.

ఇంక అబ్దియాస్ మాస్టారు. మన ఊళ్లో కొత్త వస్తువు వస్తే కార్నివాల్ ముందు శుక్రవారం దానికి చల్యా చేయకుండా ఎవరుంటారు? భూమితల్లి పచమామ పేరు చెప్పి బీరు చిలకరించి, రంగు కాగితాలు పోసి, రిబ్బన్లు చుట్టి, ఏడాదంతా మంచిగా పనిచెయ్యమ్మా అని వేడుకోకుండా? లారీకి చేస్తాం, కుట్టుమిషనుకి చేస్తాం, మా పెళ్లికొచ్చిన ప్రెషర్ కుక్కరుకి కూడా చేశాం. చేయనిది ప్రార్థనా మందిరం వాళ్లే. ఆయన తన కంప్యూటర్ మీద ప్లాస్టిక్ కప్పి, చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉంటాడు. నిజమేనా?

గదిలోకి ఎవరూ వెళ్లలేదా? బడి మొత్తం వెళ్లింది అమ్మాయ్!

చేయవలసింది ఇది. కంప్యూటర్ ఆపు, ప్లగ్గు పీకు, చల్లారనివ్వు. పక్క మూత తీసి ముందు చూడు. నోటితో ఊదవద్దు, ఉమ్మి పడుతుంది. మెత్తటి బ్రష్షుతో, ఫ్యాను రెక్కని వేలితో పట్టుకుని, నెమ్మదిగా. అంటుకుపోయిన చోట పట్టకారు. గట్టిగా లాగావో, కొత్త ఫ్యాను ఒరురోలో వెతుక్కో.

ఒక్క సంగతి నేను కనిపెట్టలేకపోయాను. ఉత్త కాగితం ఇంతలా పట్టుకోదు, రాలిపోతుంది. ఇది అంటుకుంది. అంటే తడి బాగా ఎక్కువ. మామూలుగా చల్యాకి నాలుగు చుక్కలు చిలకరిస్తారు. ఇన్నిటి మీద ఇంత పోసిన ఆ ఉదారుడెవరు? సీసా పట్టుకున్న వాణ్ణే నాకు రాయమను.

హెర్మీనియా


ఒరురో
శుక్రవారం

ప్రియమైన హెర్మీనియాకి,

నీ ఉత్తరం చెల్లి నాకు గట్టిగా చదివి వినిపించింది. చివరి వాక్యం రెండుసార్లు.

నేను తాగలేదు. పచమామ మీద ఒట్టు. అసలు గొడవంతా తాగకపోవడం వల్లే వచ్చింది.

ఎప్పుడూ ఎలా చేస్తామో నీకు తెలుసు. భూమితల్లికి కాస్త, మనకి కాస్త. ఈసారి నీకిచ్చిన మాట ఉంది. సీసా తెరిచాక మిగిలింది ఏం చేయను? పారబోయడం పాపం. కాబట్టి నా వాటా కూడా ఆమెకే ఇచ్చాను. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఒక్కో సీసా. "ఈ పిల్లలకి బాగా లెక్కలు నేర్పు తల్లీ" అంటూ బల్లల మీదా, డబ్బాల నెత్తిమీదా ధారాళంగా పోశాను. కాగితాలు వేసింది మిగతా వాళ్లు. నేను తాగలేదు హెర్మీనియా, కంప్యూటర్లకి తాగించాను.

చల్యాలో నేనున్నానని తెలిస్తే తాగలేదన్నా నువ్వు నమ్మవని, చెల్లిని చెప్పొద్దని బతిమాలాను. దాని తప్పేం లేదు. కొంచెం ఉంది.

నిన్న మొదటి డబ్బా తెరిచాం. లోపల ఇంకో కార్నివాల్ జరుగుతోంది. ఎర్రవీ పచ్చవీ పసుపువీ కలిసి ఫ్యాను మీద దుప్పటిలా గడ్డకట్టాయి. చెల్లి అరిచింది. దోన్యా ఎదుల్ఫా వచ్చి చూసి, "ఇందులో సగం నేను వేసినవే" అని కుర్చీలో కూలబడింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.

బూర గొట్టాలు తోముకునే బ్రష్షులు మా బ్యాండు వాళ్ల దగ్గర అన్ని సైజుల్లో ఉంటాయి. అందర్నీ పిలిచాను. ట్రంపెట్ల వాళ్లు సన్న పని, నేను పెద్ద పని. ఇత్తడిలోంచి కాగితం తీయడంలో ఈ ఊళ్లో మమ్మల్ని మించినవాళ్లు లేరు. సాయంత్రానికి పదకొండూ తెరిచి, తుడిచి, మూసేశాం. ఆ గది మాకే దక్కాలని కోరుకున్నవాళ్లమే, ఎంత శ్రద్ధగా చేశామో చూస్తే నీకు ఏడుపొచ్చేది.

నన్ను నమ్ముతావా?

ఫ్రోయ్‌లాన్


ఒరురో
ఏప్రిల్ రెండో ఆదివారం

వదినా, వదినా, వదినా!

గురువారం పొద్దున్న పన్నెండూ ఆన్ చేశాను. హోరు మొదలైంది. బస్సు ఇంజన్! నా చెవులకి అంత బాగున్న చప్పుడు ఇంకొకటి లేదు. నేను చెప్పేది చివరి బల్లకి వినిపించడం లేదు, నాకు సంతోషం.

పోటీ సంఘం వాళ్లు ఇద్దరూ నల్ల సంచులతో వచ్చారు. నవ్వని మనుషులు. మొదటి కంప్యూటర్‌లో వాళ్ల ప్రోగ్రాం పెట్టారు. నేను కళ్లు మూసుకున్నాను. "అయిపోయింది" అన్నాడు ఒకాయన. "ఏం అయిపోయింది?" అన్నాను భయంగా. "ప్రోగ్రాం, టీచర్‌గారూ." కళ్లు మూసేలోపే అయిపోయింది! రెండో కంప్యూటర్, మూడోది, అన్నీ అంతే. వాళ్లు రెండో క్లాసు దాకా ఉండి, బాగా వేడెక్కాక మళ్లీ పెట్టి చూశారు. అదే వేగం. నాయ్రా మెల్లగా, "ఇప్పుడు మా అమ్మమ్మ ఓడిపోయింది టీచర్" అంది.

కాగితం మీద సంతకం పెట్టారు. పోటీ మా దగ్గరే అని దోన్యా ఎదుల్ఫా కిటికీలోంచి కేకేసింది.

అక్కడే తప్పు జరిగింది. కిటికీ బయట బ్యాండు నిలబడి ఉంది. కేక వినగానే బూర మోగింది. దూడ కాదు వదినా, పాత బూర, గోడలు అదిరాయి. తలుపు తోసుకుని అందరూ లోపలికి వచ్చారు. గెలిచినవాళ్ల నెత్తిన రంగు కాగితాలు పోయకుండా మనవాళ్లు ఉంటారా? డ్రమ్ము వాయించే ఆయన సంచీ విప్పాడు. సంఘం పెద్దమనిషి నెత్తిన మొదటి గుప్పెడు పడింది. రెండోది గాల్లో ఉండగా నేను కేక పెట్టాను:

"కంప్యూటర్లు!"

పిల్లలు ఒక్కుమ్మడిగా వాటి మీద పడ్డారు. తెల్ల యూనిఫాం కోట్లు విప్పి కప్పారు, కోట్లు లేనివాళ్లు పొట్టలతో కప్పారు. దోన్యా ఎదుల్ఫా, ఆ శరీరంతో, రెండు కంప్యూటర్లని కౌగిలించుకుని, "నా మీద పొయ్యండి! నా మీదే పొయ్యండి!" అని అరిచింది. పోశారు. అబ్దియాస్ మాస్టారు తన ప్లాస్టిక్ కప్పు తెచ్చి ఐదోదాని మీద పరిచాడు. తన కంప్యూటర్ మీద కాదు, నాదాని మీద! ఆయన కళ్లజోడు మీద కూడా రెండు పచ్చ చుక్కలు అంటుకున్నాయి. తుడుచుకోలేదు.

నిన్న శనివారం పోటీ జరిగింది. ఒక్క కంప్యూటర్ కూడా మొరాయించలేదు. మా నాయ్రాకి మూడో స్థానం.

గది నాదే. కానీ దోన్యా ఎదుల్ఫా వెనక గోడ వైపు చూసి, మీ ఆయన కొలతలు ఊరికే పోకూడదంది. బూరలు అక్కడ ఉంటాయి, మూతి కిందికి పెట్టి. వచ్చే ఏడాది చల్యా గుమ్మం దగ్గరే. కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పాకే. సీసా ఎవరు పట్టుకోవాలో నువ్వే చెప్పు.

మీ ఆయన రోజూ లారీ అడ్డాకి వెళ్లి నీ జవాబు వచ్చిందా అని దోన్ కాస్తులోని అడుగుతున్నాడు. ఏదో ఒకటి రాయి వదినా.

ఈ ఉత్తరం ఆ గదిలోనే రాశాను. దులిపే మూశాను.

నీ డెల్ఫీనా


లీపెస్, గని శిబిరం
బుధవారం

డెల్ఫీనా,

దులిపావా? అబద్ధం.

నీ ఉత్తరం ఆత్రంగా తూకం బల్ల దగ్గరే చింపాను. గుప్పెడు కార్నివాల్ త్రాసులో పడింది. కనిపించినవన్నీ ఏరాను. ఒక పచ్చ చుక్క, పొడిలోంచి తీసిన వెండిని తూచే పళ్లెం కింద దాక్కుంది, నాకు తెలియలేదు. మా త్రాసు ఈగ రెక్కని కూడా తూచగలదు. మధ్యాహ్నం అంకెలు చూసి మా మేనేజరు ఎగిరి గంతేశాడు. ఈ తవ్వకంలో ఇంత వెండి ఎప్పుడూ రాలేదట. వంటవాడికి చెప్పి అందరికీ కోడి వండించాడు. సాయంత్రం నేను పళ్లెం ఎత్తాను. అప్పటికి కోడి అయిపోయింది.

రేపు పొద్దున్నే మళ్లీ తూచి సరైన అంకె ఇస్తాను. ఈ రాత్రికి ఆయన్ని సంతోషంగా పడుకోనిస్తున్నాను.

నాయ్రాకి నా ముద్దులు. దోన్యా ఎదుల్ఫాకి నమస్కారాలు. వచ్చే ఏడాది సీసా అబ్దియాస్ మాస్టారికి ఇవ్వండి, చుక్క కూడా పడదు.

మీ అన్నకి చెప్పు, నమ్మాను. తాగి ఉంటే కంప్యూటర్లు బాగానే ఉండేవి. నెలాఖరుకి సెలవు పెట్టి వస్తున్నాను, బూర విని చాలా రోజులైంది.

మేనేజరు ఎప్పుడైనా ఒరురో వచ్చి నిన్ను అడిగితే, మా వదిన త్రాసు దగ్గర ఉత్తరాలు చదవదు, నేనే సాక్షిని అని చెప్పు. ఇంతకన్నా వివరం అడగవద్దను.

హెర్మీనియా